మూడో కాయిల్

అద్దంకి,
9 మార్చి 2025.

శ్యామూ,

ఆశీస్సులు. నువ్వూ హెలెన్ బాగున్నారని తలుస్తాను. నా సంగతి పాస్టరు ఇమ్మానియేలుగారు చెప్పే ఉంటారు. కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు ఒంగోలు వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తున్నాను. చెవులు పూర్తిగా పోయి నాలుగేళ్లయింది. ఫోను ఉన్నా నాకు అది గోడకి కొట్టిన మేకుతో సమానం. అందులో అక్షరాలు కళ్లకి ఆనవు. అందుకే ఈ కాగితం రాసి పార్సిల్లో పెడుతున్నాను. నువ్వూ అలాగే రాయి, కాస్త పెద్ద అక్షరాలతో.

విషయానికొస్తాను. రాజధానికి ఇచ్చేసిన మన పాత చేలో తుమ్మచెట్లన్నీ కొట్టేసి చదును చేశారని, జూన్ దాటితే అక్కడ కాలవ తవ్వుతారని పాస్టరుగారు ఉత్తరం రాశారు. మీ అక్కని పెట్టింది ఆ చేలోనే కదా. గట్లు పోయాయి, బావి పూడిపోయింది, నేను కట్టించిన సిమెంటు సిలువ ఏ ట్రాక్టరులో ఎటు పోయిందో తెలియదు. ఎకరం నేలలో ఆమె ఎక్కడుందో ఇవాళ ఎవరూ వేలుపెట్టి చూపించలేరు. కానీ వీరమ్మ ఎడమ తొడలో స్టీలు రాడ్డు ఉంది. మిరప కల్లంలో జారిపడినప్పుడు గుంటూరులో వేశారు. ముప్పై నాలుగు సెంటీమీటర్లు. మనిషి మట్టయినా అది మట్టవదు.

లోహం వెతికే మిషను తయారుచేశాను. పెట్టె, హెడ్‌ఫోను, పైపు, కింద కాయిల్. పెట్టెలో సామాను కొన్నదే. కాయిల్ మాత్రం నా చేత్తో చుట్టాను. ఇరవై ఆరు గేజి రాగి తీగ, ఇరవై అయిదు చుట్లు, బకెట్ మూత మీద. నలభై ఏళ్లు మోటార్లు చుట్టిన చేతికి ఇదొక లెక్క కాదు. కాయిల్ నేలకి బెత్తెడు ఎత్తులో ఊపుతూ నడవాలి. కింద లోహం ఉంటే చప్పుడు మారుతుంది. చప్పుడుకి బదులు లైటు పెట్టి చూశాను, చిన్న తేడా లైటుకి అందదు. చెవే పట్టుకోవాలి. నాకు ఆ చెవి లేదు, నీకుంది. చప్పుడు ఎలా ఉంటుందో కూడా రాయి. నేను చేసిన వస్తువు ఎలా పలుకుతుందో నాకు తెలియకుండా ఉంది.

మాకు పిల్లలు లేరు. నువ్వు తప్ప నాకు ఎవరున్నారు? నాకు ఇంకా ఎక్కువ రోజులు లేవని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. కాలవ వాళ్లు పలుగు వేసేలోపు వీరమ్మని వెతికి తీసి, మంచి చోట పెట్టు. ఆ పక్కన నాకు జాగా ఉంచు. ఆమె పక్కన పడుకోవాలి. అంతే, ఇంకేమీ అడగను.

మీ బావ,
జయరావు.


తుళ్లూరు,
23 మార్చి 2025.

పూజ్యులైన బావగారికి, శ్యామ్ సుందర్ వందనాలు.

పార్సిల్ గుంటూరు బస్టాండులో తీసుకున్నాను. పదమూడేళ్ల తర్వాత మీకు మా అక్క గుర్తొచ్చినందుకు హెలెన్ ఆశ్చర్యపోయింది. నేను ఆశ్చర్యపోలేదు. అవసరం వస్తే మనిషికి జ్ఞాపకశక్తి దానంతటదే వస్తుంది. పరీక్షల ముందు రోజు మా బడిలో పిల్లలకి వచ్చినట్టే.

బడి వదిలాక రోజూ గంటన్నర, శనివారాలు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరిగాను. నేల నెర్రెలు విచ్చి ఉంది. మొదటి శనివారమే ఒకచోట గట్టిగా మోగింది. ఆశపడి తవ్వితే నాగటి కర్రు. తర్వాత బీరుసీసా మూతలు, కొడవలి ముక్క, ట్రాక్టరు పిన్ను. పాత ఇనుము కొట్టు పెట్టుకోవచ్చు. మా అక్క మాత్రం లేదు.

లోపం మీ కాయిల్‌లోనే ఉందని నా అభిప్రాయం. బకెట్ మూత ఎంత, భూమి ఎంత? లోతు అందటం లేదు. మీ పనికి మార్కులు వెయ్యాల్సి వస్తే పదికి నాలుగు వేస్తాను. కాయిల్ వెనక్కి పంపుతున్నాను. ఇంకా పెద్దది చుట్టి పంపండి. పెట్టె నా దగ్గరే ఉంచుతాను, మాటిమాటికీ బస్సుల్లో తిప్పితే పాడవుతుంది.

చప్పుడు ఎలా ఉంటుందని అడిగారు. చప్పుడు చప్పుడులాగే ఉంది.

విధేయుడు,
శ్యామ్ సుందర్.


అద్దంకి,
6 ఏప్రిల్ 2025.

శ్యామూ,

ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. నా కాయిల్‌కి నాలుగు మార్కులా! నువ్వు పలక పట్టుకుని బడికి పోయే రోజుల్లోనే నేను అయిదు హార్స్‌పవర్ మోటారు విప్పి చుట్టి బిగించినవాణ్ణి. నీకు కోపం తెప్పించి లాభం లేదు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

ఈసారి వెదురు బద్దని గుండ్రంగా వంచి, అడ్డం మీటరు ఉండేలా చేశాను. ఇరవై రెండు గేజి తీగ, పద్దెనిమిది చుట్లు. వెనకటికి నేను చుడుతుంటే చుట్లు లెక్కపెట్టేది వీరమ్మ. గిరాకీతో మాట్లాడుతూ నేను లెక్క మర్చిపోయేవాణ్ణి, తను మిరపకాయల తొడిమలు తీస్తూనే లెక్క తప్పేది కాదు. ఇప్పుడు చుట్టుకో చింతగింజ పక్కన పెట్టుకుంటున్నాను. గింజలు రెండుసార్లు కింద పడ్డాయి, రెండుసార్లూ మొదటినుంచి చుట్టాను. డయాలసిస్ అయిన మర్నాడు వేళ్లు నిలకడగా ఉండవు.

జాగ్రత్తలు రాస్తాను. వాచీ, బెల్టు, తాళాలు ఒంటి మీద ఉండకూడదు. చెప్పులకి మేకులు ఉండకూడదు. వీరమ్మని తల పడమటికి, కాళ్లు తూర్పుకి పెట్టాం. రాడ్డు అదే వరసలో ఉంటుంది. తూర్పు నుంచి పడమటికి కాకుండా అడ్డంగా, ఉత్తరం నుంచి దక్షిణానికి నడువు. అప్పుడైతే దాటిపోకుండా తగులుతుంది. నేల మీద ముగ్గు గీతలు వేసుకో. చేలో కలుపు తీసినట్టు సాలు వదలకుండా పోవాలి.

నా తొందర నీకు అర్థం కావటం లేదు. ఏప్రిల్ వచ్చేసింది. మొన్న ఒంగోలులో నా పక్క మంచం ఆయన లేవలేదు. దుప్పటి మార్చి ఇంకొకాయన్ని పడుకోబెట్టారు, అంతే. వెతుకు నాయనా.

జయరావు.


తుళ్లూరు,
20 ఏప్రిల్ 2025.

బావగారికి వందనాలు.

ఇవాళ ఈస్టరు. ఆరాధన కాగానే కూర్చుని రాస్తున్నాను. సమాధులన్నిటికీ సున్నం వేసి పూలు పెట్టారు. మా అక్కకి పెట్టడానికి సమాధి లేదు కాబట్టి హెలెన్ పూలు ఇంటికి తెచ్చేసింది.

మీ రెండో కాయిల్ మొదటిదానికన్నా అన్యాయం. గాలి వీస్తే చాలు, చుట్లు వదులై ఊరికే అరుస్తోంది. కాలు కదిపినా అరుపే, తుమ్మినా అరుపే. దేన్ని నమ్మి తవ్వను? చుట్టూ వెండి కాగితం చుడితే ఇలాంటి గోల పోతుందని మా బడిలో సైన్సు పంతులు అన్నాడు. చుట్లు బిగించి, వార్నిష్ పోసి, ఆ కాగితం కూడా చుట్టి మూడోది పంపండి. మీరే చుట్టండి సుమా. ఇంకెవరిచేతనో చుట్టించి నా మీదకి తోస్తే ఊరుకోను.

ఒక సందేహం. మా అక్క కల్లంలో జారిపడిందని రాశారు. ఆ రోజు నుంచీ అదే మాట వింటున్నాను. కల్లం అంటే పేడతో అలికిన చదును నేల కదా, మెట్టు లేదు, గట్టు లేదు. నలభై ఏళ్ల మనిషి, రోజూ మూటలు మోసే మనిషి, నిలబడ్డచోట పడితే తొడ ఎముక రెండుగా విరిగిందా? ఏ పక్కకి పడింది, ఏం తగిలింది, ఆ సమయానికి మీరెక్కడున్నారు? ఎముక ఎలా విరిగిందో తెలిస్తే రాడ్డు ఏ వాటంలో ఉందో ఊహించుకోవచ్చని అడుగుతున్నాను. వేరే ఉద్దేశం లేదు. వివరంగా రాయండి.

శ్యామ్ సుందర్.


అద్దంకి,
4 మే 2025.

శ్యామూ,

జారినవాళ్లు ఎలా జారతారు? మిరపకాయల మీద కాలేసి జారింది. పట్టా కింద రాయి ఉంది, దాని మీద పడింది. నేను షాపులో ఉన్నాను. ఇరవై ఏళ్ల నాటి ముచ్చట ఇప్పుడు తవ్వి ఏం చేసుకుంటావు? తవ్వమన్నది నేల. ఈ ఉత్తరాలు హెలెన్‌కి చదివి వినిపించకు.

మూడో కాయిల్ పంపుతున్నాను. ఇది చుట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అయితే ఒక పూట. డయాలసిస్ సూది గుచ్చే ఎడమచేత్తో బరువు పట్టకూడదంటారు. తీగ బిగుతుగా రావాలంటే ఎడమచేత్తో లాగి పట్టుకోక తప్పదు. చెయ్యి వాచింది. నర్సు చూసి నోరు ఎలా ఆడించిందో చూస్తే తిట్లని తెలిసింది, వినబడకపోవడం ఒక్కోసారి మేలే. ఇరవై చుట్లు వేసి, దారంతో అంగుళానికో ముడి బిగించి, వార్నిష్ పోసి, నాలుగు రోజులు ఎండబెట్టాను. దాని మీద నూలు టేపు. దాని మీద నువ్వన్న వెండి కాగితం, బిర్యానీ సెంటరువాడి దగ్గర తెచ్చి ఎక్కడా సందు లేకుండా చుట్టాను. పైన నల్ల టేపు. ఆ టేపు చివరి చుట్టు కింద చుట్ల లెక్కా తేదీ రాసిన చీటీ పెట్టి, టేపు మీద అడ్డంగా సంతకం చేశాను. నేను కట్టిన ప్రతి మోటారుకీ చేసే పనే.

ఇది గాలికి అరవదు. దేనికి అరవాలో దానికే అరుస్తుంది. ఇంతకన్నా మంచి పని నా చేతుల్లో ఇక రాదు శ్యామూ. నన్ను మాటలతో పొడిచింది చాలు. ఆమె ఎక్కడుందో చూడు.

బావ.


తుళ్లూరు,
18 మే 2025.

బావగారికి,

అద్భుతం! పదికి తొమ్మిది మార్కులు. మూడో కాయిల్ గంటలా పలుకుతోంది. చేయి తిరిగినవాడి పని అంటే ఏమిటో ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

రెండు వారాలు తిరిగాను. మీరు చెప్పినట్టే ముగ్గు గీతలు వేసుకుని, ఉత్తరం నుంచి దక్షిణానికి, సాలు వదలకుండా. పదకొండు చోట్ల మోగింది. ఒక్కోచోట నడుము లోతు తవ్వాను. పాత మోటారు ఫుట్‌వాల్వు దొరికింది, చూడగానే మీరే గుర్తొచ్చారు. గడ్డపార మొన, రెండు గొళ్లేలు, ఎద్దు నాడాలు నాలుగు. పదకొండో చోట కాయిల్ ఎంతగా అరిచిందంటే, అక్క దొరికిందనుకుని హెలెన్‌ని కూడా పిలిచాను. తీరా చూస్తే సైకిలు గొలుసు.

ఏం చేస్తాం చెప్పండి. కాలవకి సున్నపు గీతలు గీసేశారు. మా అక్క ఉండొచ్చనుకుంటున్న చోటికి ఆ గీత నలభై అడుగుల దూరంలో ఉంది. జేసీబీ తొట్టికి రాడ్డేమిటి, ఎముకేమిటి! అన్నీ ఒకటే. ఇంకొక్క కాయిల్ చుట్టగలరా? ఈసారి అడ్డం మీటరున్నర చెయ్యండి. పదికి పది వేసే అవకాశం నాకివ్వండి. మూడోది వెనక్కి పంపుతున్నాను, తీగ పనికొస్తుంది.

శ్యామ్ సుందర్.


అద్దంకి,
27 మే 2025.

ఒరేయ్ శ్యామ్ సుందరూ,

నువ్వు పంతులువి కాదురా, పచ్చి అబద్ధాలకోరువి.

తీగ పనికొస్తుందని రాశావు కదా. నిజమే అనుకుని మూడో కాయిల్ విప్పాను. నా సంతకం చెక్కుచెదరలేదు. లోపల చీటీ నేను పెట్టింది పెట్టినట్టే ఉంది. నల్ల టేపు తీసి వెండి కాగితం దగ్గరికి వచ్చేసరికి నా తప్పు కనిపించింది. ఆ కాగితం చుట్టూ తిరిగొచ్చి మొదటి కొస మీద రెండో కొస ఎక్కి కూర్చుంది. అరంగుళం ఖాళీ వదలాలి. వదలకపోతే ఆ కాగితమే ఒక మూసుకున్న చుట్టు అయిపోతుంది. మోటారులో ఒక్క చుట్టు షార్టయితే మోటారంతా పోయినట్టే ఇక్కడ కాయిలంతా చచ్చిపోతుంది. నలభై ఏళ్లు ఊళ్లో వాళ్ల మోటార్లలో ఆ తప్పు వెతికి పట్టుకున్నవాణ్ణి నేనే. ఏ చుట్టూ బయటికి కనపడకుండా నిండా కప్పడం అలవాటైన చెయ్యి ఇది. కాగితాన్ని కట్టు అనుకుని మూసేసింది. నా చేత్తో నేనే షార్టు చేశాను.

ఆ తర్వాత నీ ఉత్తరం మళ్లీ చదివాను. గంటలా పలికిందా? పదకొండు చోట్ల మోగిందా? ఒరే, ఆ కాయిల్ కింద గడ్డపార పెట్టినా మోగదు, నీ తల పెట్టినా మోగదు. చచ్చిన కాయిల్‌తో ఎద్దు నాడాలు దొరికాయా నీకు? నువ్వు దాన్ని పెట్టెకి తగిలించనే లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడికేం తెలుస్తుందిలే అనుకున్నావు. చెవులు పోయాయి గానీ నా పని నాకు పోలేదు.

ఎందుకు చేశావురా? తిరగడానికి ఒళ్లు వంగకపోతే ఆ మాట మొదటే చెప్పాల్సింది. ఇంకెవరినైనా బతిమాలుకునేవాణ్ణి. మూడు నెలలు పోయాయి. నాకు ఉన్నదే కొన్ని నెలలు. వెంటనే జవాబు రాయి. నిజం రాయి.

జయరావు.


తుళ్లూరు,
8 జూన్ 2025.

జయరావూ,

నిజం అడిగావు. రాస్తున్నాను, పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను.

అక్క మార్చి పదిహేనున దొరికింది. మొదటి శనివారం. నీ మొదటి కాయిల్‌తోనే. నాగటి కర్రు అని రాసింది అబద్ధం. బకెట్ మూత మీద చుట్టిన ఆ చిన్న కాయిల్ చాలా మంచి కాయిల్. పై మట్టి రెండడుగులు గీకేశారు కాబట్టి అందింది. చప్పుడు ఎలా ఉందో అప్పుడు అడిగావు. తల్లి తప్పిన కోడిపిల్ల అరిచినట్టు ఉంది. ముందు సన్నగా, దగ్గరికి వెళ్లేకొద్దీ ఆగకుండా. నేను హెడ్‌ఫోను తీసేసి అక్కడ పుల్ల గుచ్చాను. పాస్టరుగారినీ హెలెన్‌నీ పిలిచాను. ముగ్గురం చేతులతో మట్టి తీశాం. ప్రార్థన చేశాం. ఆ సాయంత్రమే అక్కని వేరే చోట పెట్టాం. ఎక్కడో నీకు చెప్పను.

మిగతావన్నీ, గాలికి అరిచిందీ, లోతు అందనిదీ, పదకొండు చోట్లూ, ఇంట్లో కుర్చీలో కూర్చుని రాసినవి. నీ రెండో కాయిల్ కట్టు కూడా విప్పలేదు.

ఎందుకని అడిగావు. నేల ఇచ్చేసేటప్పుడు ఈ నేలలో సమాధులు లేవు అని సంతకం చేసింది నువ్వు. చదును చెయ్యకముందే తీసి పెట్టుకోమని పాస్టరుగారు రెండుసార్లు అద్దంకి వచ్చారు. మట్టి మట్టిలో కలిసిపోయింది, ఇంకేం తీస్తాం అన్నావట. ఇప్పుడు నీకు పడుకోవడానికి తోడు కావాల్సి వచ్చేసరికి ఆ మట్టి వీరమ్మ అయింది.

గుంటూరులో రాడ్డు వేసిన డాక్టరు ఆ రోజు నన్ను వరండాలోకి పిలిచి చెప్పాడు. ఇది పడితే విరిగింది కాదు మాస్టారూ, కొడితే విరిగింది అని. నేను తలూపి ఊరుకున్నాను. ఇరవై ఏళ్లు నా నోట ఆ మాట రాలేదు. నీ చేత్తోనే రాయిద్దామని ఏప్రిల్‌లో అడిగాను. మిరపకాయల మీద జారిందని రాశావు. నీ ముడ్డి కిందకి నీళ్లొచ్చినా నువ్వు నిజం ఒప్పుకోవు.

అందుకే చుట్టించాను. ముప్పై ఏళ్ల కాపురంలో మా అక్క కోసం నువ్వు కష్టపడి చేసిన పని ఏదైనా ఉంటే ఈ మూడు కాయిళ్లే. చెయ్యి వాచిందని రాశావు చూడు, ఆ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. సంతోషమేసింది. ఆ సంతోషానికి దేవుడు నన్ను అడిగితే జవాబు చెప్పుకుంటాను.

శ్యామ్ సుందర్.


అద్దంకి,
16 జూన్ 2025.

శ్యామ్ సుందర్ గారికి,

జయరావు నమస్కరించి రాయునది.

మీరు అడిగింది రాస్తున్నాను. వీరమ్మ జారిపడలేదు. మిరపకి ఆఖరు తడి పెట్టే రోజులు. ఒక రైతు మోటారు అప్పుడే చుట్టాను, వార్నిష్ ఇంకా ఆరలేదు. నేను బయటికి వెళ్లాను. కరెంటు వచ్చింది. ఆ రైతు తొందరపెడుతున్నాడని, నాకు సాయం చేద్దామని, తిరుగుతుందో లేదో చూద్దామని మీ అక్క స్విచ్చి వేసింది. పొగ వచ్చింది. మూడు రోజుల పని కాలిపోయింది. నేను వచ్చేసరికి వాకిట్లో నిలబడి ఏడుస్తోంది. నా చేతిలో మోటారు షాఫ్టు ఉంది. ఒక్క దెబ్బే. ఒక్క దెబ్బ శ్యామూ. పడిపోయాక ఆటోకి నేనే మోసుకెళ్లాను. దారిలో తనే అంది, కల్లంలో జారానని చెప్తానులే అని.

రాశాను. ఇప్పుడు నీకు చల్లబడిందా?

అయితే నేనూ ఒకటి రాస్తాను. అప్పుడు నువ్వు సత్తెనపల్లిలో పంతులువి. ఆ దెబ్బకి ఎనిమిది రోజుల ముందు వీరమ్మ మొహం వాచి నీ ఇంటికి వచ్చింది. ఇక వెళ్లనంది. నువ్వు ఏం చేశావు? అన్నం పెట్టావు, కాపురమన్నాక ఇవన్నీ మామూలేనక్కా అన్నావు, సాయంత్రం బస్సు ఎక్కించావు. టిక్కెట్టు కూడా నువ్వే తీశావు. ఈ సంగతి తనే నాకు చెప్పింది. నా తమ్ముడు కూడా ఉంచుకోలేదు అని నవ్వింది. నువ్వు ఎక్కించిన బస్సు దిగే నా దగ్గరికి వచ్చింది. నేను కొట్టాను సరే, చేతికి అందించింది నువ్వు. హెలెన్‌కి ఈ మాట చెప్పావా?

కోపం వచ్చి రాశాను, క్షమించండి. గొడవ నాకు వద్దు. ఎక్కడ పెట్టారో చెప్పండి. కాళ్లు పట్టుకుంటాను. ఒంటరిగా పోతానని భయంగా ఉంది. ఇక్కడ రోజూ మనుషులు పోవడం చూస్తున్నాను, పక్కన తనవాళ్లు లేనివాళ్ల మొహాలు వేరేగా ఉంటున్నాయి. ఆమె నన్ను ఏమీ అనదు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

చెప్పకపోయినా వస్తాను. ఇంకో పెట్టె తెప్పించుకుంటాను. కాయిల్ ఈసారి ఖాళీ వదిలి చుడతాను. పక్క షాపు ఇషాక్ చెవులు అరువిస్తానన్నాడు, వాడు వింటాడు, నేను ఊపుతాను. తుళ్లూరు చుట్టూ ఎన్ని శ్మశానాలున్నాయి, అయిదా, ఆరా? అన్నీ తిరుగుతాను. మీరు ఆమెని ఎక్కడ దాచినా ఆ రాడ్డు ఆమెలోనే ఉంది. అది నాకు చెప్తుంది.

జయరావు.


తుళ్లూరు,
29 జూన్ 2025.

జయరావూ,

గారు అని, మీరు అని, కాళ్లు పట్టుకుంటానని రాశావు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. అక్క ఉన్నప్పుడు జుట్టే అందింది నీకు.

బస్సు మాట నిజం. హెలెన్‌కి నేను చెప్పలేదు, నీ ఉత్తరం చేతికిచ్చి చదవమన్నాను. చదివి లోపలికి వెళ్లింది. వారం అయింది, నాతో మాట్లాడటం లేదు. అది నాకు రావలసిందే. అక్క పక్కన జాగా నేను కూడా అడగనని పాస్టరుగారికి కాగితం రాసిచ్చాను.

ఒక్క దెబ్బే అని రాశావు. ఎముకలు నేను చేతుల్లోకి తీసుకుని చూశాను జయరావూ. కుడిచెయ్యి మోచేతి కింద రెండు ఎముకలూ ఎప్పుడో విరిగి, కట్టు కట్టించేవాళ్లు లేక వంకరగా అతుక్కున్నాయి. పక్కటెముకలు మూడు. వాటికి డాక్టరు లేడు, రాడ్డు లేదు, అందుకని వాటి లెక్క ఎవరి దగ్గరా లేదు. నువ్వు నిజం రాశానన్నప్పుడు కూడా నీ నిజం మిషనుకి దొరికేంత వరకే ఉంది.

నువ్వు శ్మశానాలు తిరగనవసరం లేదు. ఒంట్లో బాగోలేదు, తిరగకు. అక్కకి పెట్టె చేయించినప్పుడు ఇనుప మేకు ఒక్కటి కూడా వద్దని వడ్రంగికి చెప్పాను. చెక్క మేకులతో బిగించాడు. చీరకి పిన్నులు లేవు. సిలువ కూడా కర్రదే, పేరు రాయలేదు.

ఆ మార్చి పదిహేనునే రాడ్డు తీసేశాను. పాస్టరుగారు వద్దన్నారు, ఎముకని కదపకూడదన్నారు. నేను వినలేదు. బతికి ఉండగా ఆరేళ్లు, పోయాక పదమూడేళ్లు మోసింది, ఇక చాలనిపించింది. రెండు స్క్రూలూ విప్పితే మెల్లగా వచ్చేసింది. మరక కూడా పట్టలేదు. కడిగి, తుడిచి, బడి బీరువాలో పెట్టి ఉంచాను.

ఈ పార్సిల్లో గుడ్డలో చుట్టి ఉన్నది అదే. ముప్పై నాలుగు సెంటీమీటర్లు, కొలిచి చూసుకో.

నీ మిషను పెట్టె, హెడ్‌ఫోను కూడా ఇందులోనే పెట్టాను. అది బాగానే పనిచేస్తోంది.

శ్యామ్ సుందర్.